ఎనిమిదో నంబరు మంచం

మా నాయిన డాక్టరు కాదు. ఆ సంగతి మా ఊరు అలియాబాద్‌లో అందరికీ తెలుసు. అయినా జ్వరమొస్తే అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. కరీంనగర్ రోడ్డు మీద ఎరువుల దుకాణానికీ పంక్చర్ షాపుకీ మధ్య ఒక షట్టరు గది. దాని మీద 'ప్రథమ చికిత్స కేంద్రం' అని పెద్ద అక్షరాల్లో, 'రాఘవేందర్, ఆర్.ఎం.పి.' అని చిన్న అక్షరాల్లో బోర్డు. ఎప్పుడో సికింద్రాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గర ఆరేళ్ళు కాంపౌండరుగా పనిచేసి, ఆయన చేతిరాత చదవడం వచ్చాక నాయిన సొంత ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఊళ్ళో డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖంలో కొంచెం సంతోషం, కొంచెం భయం కనిపించేవి.

ఆ భయం పోవాలంటే ఇంట్లో ఒక అసలు డాక్టరు ఉండాలి. ఆ డాక్టరు నేనే కావాలని నేను పుట్టిన రోజే తీర్మానమైపోయింది. స్రవంతి అని పేరు పెట్టే ముందు, దానికి 'డా.' తగిలించి కాగితం మీద రాసి చూసుకున్నాడట. బాగానే అనిపించిందట.

2008లో ఎంసెట్ రాశాను. రాంకు రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు. మంచి రాంకొస్తే పేపర్లో ఫోటో వేస్తారు. చెడ్డ రాంకొస్తే బంధువులొచ్చి ఓదారుస్తారు. నాలాగా మధ్యలో వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ సలహాలిస్తారు. మా అమ్మ రోజారాణి అంగన్‌వాడీ టీచరు. ఆమె పండ్ల డాక్టరు చదవమంది. పండ్లు ముప్పై రెండే కాబట్టి చదివేది తక్కువుంటుందని ఆమె లెక్క. తుర్కపల్లి నుంచి వచ్చే కోళ్ళఫారం ఆసామి పశువైద్యం చదివితే తన ఫారంలోనే ఉద్యోగం అన్నాడు. చైనా పంపిస్తామని ఒక ఏజెంటు కరపత్రం ఇచ్చి వెళ్ళాడు. "చైనాల చదివితే చైనా రోగాలే తెలుస్తయి గద, మన రోగాలకు ఏం జేస్తది?" అని అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది.

ఇంత గందరగోళంలో మాకు దొరికిన పెద్దదిక్కు ఫణిభూషణ్ గారు. అల్వాల్ కాలేజీలో నాతో ఇంటర్ చదివిన సాయిప్రియ నాన్నగారు. బ్యాంకు ఉద్యోగి. భీమవరం వైపు నుంచి వచ్చి అల్వాల్ అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. సాయిప్రియ రాంకు తొమ్మిది వేలు దాటడంతో ఆమెను లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పంపేశారు. ఆమె కోసం ఆయన రెండేళ్ళు కూర్చుని తయారుచేసిన ఫైలు మాత్రం వాడుకునేవాళ్ళు లేక మిగిలిపోయింది. ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఆఖరి రాంకు ఎంత అనేది మూడు రంగుల పెన్నులతో రాసిపెట్టుకున్న ఫైలు. నన్ను చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"చూడండి రాఘవేందర్ గారూ, ఉస్మానియా, గాంధీ మర్చిపోండి. వరంగల్ కూడా మనకి అందదు. మీ అమ్మాయి రాంకుకి, మీ కేటగిరీకి మిగిలేవి రెండేనండి. ఒకటి, ఈ ఏడే ఆదిలాబాద్‌లో పెడుతున్న కొత్త గవర్నమెంటు కాలేజీ. రెండోది రత్నమాంబ మెడికల్ కాలేజీ."

"ఆదిలాబాదా సార్?" అన్నాడు నాయిన. "గది మహారాష్ట్ర దగ్గర గద."

"మూడొందల కిలోమీటర్లండి. రత్నమాంబ అయితే సిటీకి అవతల పక్కనే. రెండు బస్సులు మారితే చాలు. ప్రైవేటుదే గానీ కన్వీనరు సీటు కాబట్టి ఫీజు మీరు మొయ్యగలరు. ఏసీ క్లాసురూములండి. ఇదిగో బ్రోచరు."

బ్రోచర్లో ఒక ఫౌంటెన్ ఉంది. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరమ్మాయిలు అస్థిపంజరం భుజం మీద చేతులేసి నవ్వుతున్నారు. రోగి మాత్రం ఏ పేజీలోనూ లేడు.

నాయినకు రత్నమాంబ నచ్చేసింది. "దగ్గర్ల ఉంటే ఐతారం ఐతారం వచ్చి మన క్లినిక్కుల కూసుంటది సార్. ఇగ బోర్డు మీద దాని పేరు గూడ రాపిస్త," అన్నాడు.

"అంత తొందరొద్దండి. ముందు వెళ్ళి కళ్ళారా చూడండి. సంబంధం ఖాయం చేసేముందు ఇల్లు చూసుకోమూ?" అన్నారు ఫణిభూషణ్ గారు.

మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది. మా అవ్వ దుర్గాబాయి, నాయిన తల్లి. అరవై ఆరేళ్ళు. శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఉన్నన్నాళ్ళూ అవ్వ వాటిల్లో పనిచేసింది. తోటలు పీకేసి ప్లాట్లు చేశాక ఆమెకు పని పోయింది గానీ, ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. నెలకు రెండుసార్లు పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని "భజనకు పోతున్న" అని బయల్దేరేది. ఇంత భక్తి ఎప్పటి నుంచీ అని అమ్మ ఆశ్చర్యపోయేది. మేం రత్నమాంబ చూడడానికి బయల్దేరిన గురువారం నాడు కూడా అవ్వ మాకంటే ముందే భజనకు వెళ్ళిపోయింది.

నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బీపీ మిషన్, స్టెత్ ఉన్న తోలు సంచీ ఎప్పటిలాగే భుజాన తగిలించుకున్నాడు. పెళ్ళికి పోయినా అది ఆయన వెంట ఉండాల్సిందే. స్కూటరు మీద సిటీ అంతా చుట్టి, రింగు రోడ్డు కోసం పోసిన మట్టికుప్పల మధ్య నుంచి దారి అడుక్కుంటూ వెళ్ళేసరికి పదిన్నర అయింది.

గేటు దగ్గర నాలుగు డీసీఎం వ్యాన్లు ఆగి ఉన్నాయి. లోపల ఎక్కడ చూసినా జనమే. ఓపీ ముందు లైను మెట్లు దిగి ఫౌంటెన్ దాకా వచ్చింది. నాయిన కళ్ళు మెరిశాయి.

"సూసినవా బిడ్డా! మస్తు రష్ ఉంది. కాలేజీ అంటే గిట్లుండాలె."

మగవాళ్ళ వార్డులోకి తొంగి చూశాం. ప్రతి మంచం మీదా ఒక మనిషి ఉన్నాడు. ఎవరి ముఖంలోనూ రోగం లేదు. ఒక మూల నలుగురు దుప్పటి పరుచుకుని పేకాడుతున్నారు. సెలైన్ స్టాండుకు ఎవరిదో చొక్కా ఆరేసి ఉంది. నాయిన ఒకాయన చేతికి అంటించిన సూది దగ్గరికి వంగి చూశాడు. అది ప్లాస్టరు మీద ఉంది, చేతిలో లేదు. ఆయన నడక కొంచెం నెమ్మదించింది.

అంతలో కాలికి తొడదాకా కట్టు కట్టుకున్న ఒక మనిషి చకచకా నడుచుకుంటూ మాకు ఎదురొచ్చాడు. కుర్మయ్య. మా ఊరివాడే. ద్రాక్షతోటలకు కూలోళ్ళను పట్టుకెళ్ళే మేస్త్రీగా ఉండేవాడు.

"డాక్టర్ సాబ్! మీరు గూడ వచ్చిండ్రా?" అన్నాడు సంబరంగా. "డాక్టర్ల బ్యాచ్ మీద ఇంకో మేస్త్రీ ఉన్నడు. నన్ను అడిగితే నేనే పెట్టిద్దును గద."

"కాలుకేమైందిర? నిన్ననే గద సిమెంట్ బస్తాలు మోసినవ్."

"కాలుకేం గాలే సాబ్. ఇయ్యాల ఢిల్లీ నుంచి తనిఖీకొస్తాండ్రు. మంచాలు నిండాలె. నేను మనూళ్ళకెళ్ళి నలభై మందిని తెచ్చిన. కూలి ఇస్తరు, పగటికి బిర్యానీ పొట్లం ఇస్తరు. తోటపని కన్నా నయం, ఎండ ల్యాదు."

నాయిన నా వైపు చూశాడు. నేను నాయిన వైపు చూశాను. ఆయన నోరు తెరిచేలోగా చేతిలో లిస్టు పట్టుకున్న ఒక గుమాస్తా పరుగున వచ్చి తోలు సంచీలోంచి బయటికి వేలాడుతున్న స్టెత్ చూశాడు.

"సార్, మీరు డాక్టరేనా?"

ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ నాయిన నోట్లోంచి "హా" అని వచ్చేసింది.

"ఇంత లేటైతే ఎలా సార్! జనరల్ మెడిసిన్‌లో ఇద్దరు తక్కువున్నారు. కోటు వేసుకుని ఫిమేల్ వార్డులో నిలబడండి. ఎవరడిగినా అసిస్టెంట్ ప్రొఫెసర్ అనండి. ఈ అమ్మాయి స్టూడెంటా? గుడ్. వెనక నిలబడమ్మా."

ఒక తెల్లకోటు నాయిన చేతుల్లో పడింది. కాదని చెప్పే సమయం ఉంది. బాగానే ఉంది. నేను చూస్తుండగానే ఆ సమయం గడిచిపోయింది. నాయిన కోటు తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. కిటికీ అద్దంలో ఒకసారి చూసుకున్నాడు.

"నాయినా, పోదాం పా," అన్నాను.

"పోదాం బిడ్డా. ఒక్కసారి వార్డు సూసి పోదాం," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నిజంగా ప్రొఫెసరు గొంతే.

ఆడవాళ్ళ వార్డులో ముప్పై మంచాలు. చేతులు వెనక్కి కట్టుకుని నాయిన మంచం మంచానికీ తలాడిస్తూ నడిచాడు. ఏడో మంచం మీదామె తుర్కపల్లి రుక్కమ్మ. మమ్మల్ని చూసి పక్క మంచం వైపు తిరిగి, గుసగుస అనుకుని గట్టిగానే అంది: "దుర్గక్కా, గీ డాక్టరు అచ్చం మీ కొడుకు లెక్కనే ఉన్నడే!"

ఎనిమిదో నంబరు మంచం మీద దుప్పటి గడ్డం దాకా కప్పుకున్న మనిషి దాన్ని తల మీదికి లాక్కుంది. కాళ్ళు బయటపడ్డాయి. ఆ కాళ్ళకున్న వెండి కడియాలు మాకు బాగా తెలిసినవే.

"అమ్మా!" అన్నాడు నాయిన.

"అమ్మ లేదు, గిమ్మ లేదు. నేను పేషెంటును," అంది దుప్పటి.

"భజన అంటే గిదేనా?"

అవ్వ ఇక లాభం లేదని దుప్పటి తీసి లేచి కూర్చుంది. "అవు గిదే. అయితే ఏంది? నేను పేషెంటు వేషమేస్తే తప్పైంది, నువ్వు పెద్ద డాక్టరు వేషమేస్తే తప్పు గాలేదా? గా కోటెవలిచ్చిండ్రు నీకు?"

నాయిన కోటు పైగుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. మంచం చివర వేలాడుతున్న కాగితం తీసి చదివాను. పేరు సుశీల. వయసు యాభై రెండు. తలనొప్పి, ఆయాసం. బీపీ నూట తొంభై బై నూట పది.

"అవ్వా, నీకు యాభై రెండేళ్ళు రాసిండ్రు."

"మంచోళ్ళు బిడ్డా," అంది అవ్వ.

"మరి బీపీ ఎవరు చూసిండ్రు?"

"ఎవలు జూస్తరు? పొద్దుగాల ఒక పోరడొచ్చి అన్ని మంచాలకు గడగడ రాసుకుంట పోయిండు. గిసొంటి దవాఖానలు మస్తు తిరిగిన, గిక్కడికే నాలుగుసార్లు వచ్చిన. ఒక్కలన్న సెయ్యి పట్టుకోని సూడలే."

అప్పుడే వార్డు తలుపు దగ్గర అలికిడైంది. తనిఖీకి వచ్చినవాళ్ళు. ముందు నెరిసిన జుట్టున్న ఒక పెద్దాయన, వెనక కాలేజీ వాళ్ళు పది మంది. గుమాస్తా మా పక్కకొచ్చి పళ్ళ సందుల్లోంచి అన్నాడు: "సార్, ఊరికే నిలబడకండి. ఏదో ఒకటి చెయ్యండి!"

నాయిన కంగారుగా సంచీ విప్పి, అవ్వ చేతికి బీపీ పట్టీ చుట్టి, బంతి నొక్కడం మొదలుపెట్టాడు. పాదరసం పైకి పోయింది. మెల్లగా కిందికి దించుతూ స్టెత్ పెట్టి విన్నాడు. ఆయన ముఖం మారింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత స్టెత్ తీసి నా చెవులకు పెట్టాడు. బీపీ చూడడం పదేళ్ళప్పుడే నాకు నేర్పాడు.

"నువ్వు జూడు బిడ్డా," అన్నాడు. ఇప్పుడది ప్రొఫెసరు గొంతు కాదు.

నూట తొంభై ఆరు. కింద నూట పద్నాలుగు. చూడకుండా రాసిన కుర్రాడు అసలుకన్నా కొంచెం తక్కువే రాశాడు.

"అవ్వా, తల నొస్తదా?"

"రోజు నొస్తది. ముసలిదాన్నైతె నొయ్యదా?"

"మెట్లెక్కితే దమ్మొస్తదా?"

"వస్తది. గది గూడ ముసలితనమే."

మా నాయిన ఇరవై ఏళ్ళలో అలియాబాద్‌లో అందరి బీపీలూ చూశాడు. సర్పంచ్‌ది చూశాడు, పంక్చర్ షాపువాడిది చూశాడు, ఊరి మీదుగా పోతున్న లారీ డ్రైవర్లది కూడా చూశాడు. పక్క గదిలో పడుకునే తల్లిది ఒక్కసారీ చూడలేదు.

పెద్దాయన సరిగ్గా మా మంచం దగ్గరే ఆగాడు. కాగితం చదివాడు. పాదరసం వైపు చూశాడు. హిందీలో అడిగాడు, ఈమెకు ఏ మందిస్తున్నారని.

"కుఛ్ నహీ దియా సాబ్," అన్నాడు నాయిన. ఏమీ ఇవ్వలేదని ఒప్పేసుకుని, అవ్వ వైపు చూపించాడు. "యే మేరీ మా హై."

వెనకున్న పది మంది ముఖాలూ పాలిపోయాయి. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన నాయినను, అవ్వను, నన్ను మార్చి మార్చి చూశాడు. అవ్వ పోలిక మా ఇద్దరిలోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన ముఖం మెత్తబడింది. నాయిన భుజం తట్టి, పక్కనున్న వాళ్ళతో, ఇక్కడి డాక్టర్లు కన్నతల్లిని కూడా ఇక్కడే చేర్పించుకుంటున్నారంటే ఆస్పత్రి మీద ఎంత నమ్మకముందో చూడండి అన్నాడు. ఫైల్లో ఏదో రాసుకుని తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

గుమాస్తా నాయిన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఏం చెప్పారు సార్! ఏం నటించారు సార్! ఇకనుంచి ప్రతి తనిఖీకీ మీరు రావాల్సిందే. అమ్మగారిని కూడా తీసుకురండి."

మేం అవ్వను లేపాం. లెక్క తేలకముందే మంచం ఖాళీ అయితే తన కూలి కోస్తారని కుర్మయ్య కట్టు కాలుతో గేటు దాకా మా వెనక పరుగెత్తుకొచ్చాడు. బిర్యానీ పొట్లం చేతికొచ్చేదాకా అవ్వ స్కూటరు ఎక్కనంది. పొట్లం వచ్చింది. నాయిన ముందు, నేను వెనక, మధ్యలో అవ్వ. సికింద్రాబాద్ వైపు సర్కారు పెద్దాస్పత్రికి పోయాం.

అక్కడ కూడా లైను మెట్ల మీదికి వచ్చింది. ఈ లైనులో మాత్రం ఎవరూ పేకాడడం లేదు. ఒక ముసలాయన గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. ఒకామె చంకలో పాప ఏడ్చే ఓపిక కూడా లేక వేలాడిపోతోంది. గంటన్నర తర్వాత మా వంతొచ్చింది. చూసింది ఒక హౌస్ సర్జన్. నాకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. జుట్టు రేగిపోయి ఉంది. కళ్ళ కింద నలుపు. అవ్వ కంటి రెప్పలు లాగి చూసింది, పాదాలు నొక్కి చూసింది, వీపు మీద స్టెత్ పెట్టి దీర్ఘంగా ఊపిరి పీల్చమంది. అవ్వ నా వైపు తిరిగి, "గీ పోరి మంచిగ జూస్తాంది," అంది.

"ఎన్నాళ్ళుగా ఉందిది? కాళ్ళవాపులు చూశారా? ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదా?" ఆ అమ్మాయి కోపంగా తలెత్తింది. అప్పుడు నాయిన ఒంటి మీది తెల్లకోటు కనిపించింది. ఆయన దాన్ని విప్పడమే మర్చిపోయాడు. "మీరు డాక్టరా?"

నాయిన తల వంచుకున్నాడు. "కాదమ్మా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. కోటు విప్పి మడత పెట్టి చేత్తో పట్టుకున్నాడు. ఆ అమ్మాయి చీటీ దగ్గరికి లాక్కుంది. పరీక్షలు రాసింది, మందులు రాసింది, వారం తర్వాత రమ్మంది. మేం లేవకముందే, "నెక్స్ట్" అని కేకేసింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు నాయిన క్లినిక్కు షట్టరు ఎత్తలేదు. అవ్వ మాత్రం హుషారుగానే ఉంది. కుర్మయ్య వస్తే, ఇప్పుడు తాను అసలు పేషెంటు కాబట్టి తన కూలి డబుల్ చేయాలని బేరం పెట్టింది. అమ్మ చీపురు తీసుకుని వచ్చేసరికి బేరం ఆగిపోయింది.

కౌన్సెలింగ్ రోజు హాలు నిండా తల్లిదండ్రులే. గోడ మీది తెర మీద మిగిలిన సీట్లు ఒకటొకటిగా తగ్గిపోతున్నాయి. నా పేరు పిలిచేసరికి ఫణిభూషణ్ గారు చెప్పినట్టే రెండే మిగిలాయి. ఆయన ఫైలులో తప్పు ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే నాయిన సెల్లుకు ఫోన్ చేశారు.

"అక్కడ జరిగింది విన్నానండి, దారుణమే. అయినా రాఘవేందర్ గారూ, ఆలోచించండి. పరీక్ష రాసేది అమ్మాయి, పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. మంచాల మీద ఎవరు పడుకుంటే మనకేంటి? ఇంటికి దగ్గర. రత్నమాంబే పెట్టించండి."

నాయిన ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. ఆదిలాబాద్ అంటే ఆయన ఎదురుచూసిన ఆదివారాలు, బోర్డు మీద నా పేరు అన్నీ పోయినట్టే. ఆ ఆశ ఆయన ముఖంలో ఇంకా ఉంది. దాచుకోవడం ఆయనకు రాదు.

నేను టేబుల్ దగ్గర కూర్చున్నాయనను అడిగాను. "సార్, ఆదిలాబాద్‌లో రోగులుంటారా?"

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను వింతగా చూశాడు. పొద్దుట్నుంచీ అందరూ హాస్టల్లో భోజనం ఎలా ఉంటుంది, ఏసీ ఉందా, ర్యాగింగ్ ఉందా అని అడిగినవాళ్ళే. "జిల్లా అంతటికీ పెద్దాస్పత్రి కదమ్మా. రోగులకేం కరువు?" అన్నాడు.

"అయితే అదే రాయండి సార్."

నాయిన సంతకం పెట్టాల్సిన చోటు చూపించి, పెన్ను నా చేతికిచ్చి, "సలి మస్తుంటదంట గక్కడ. రెండు స్వెట్టర్లు కొనాలె," అన్నాడు.

నన్ను దింపడానికి ముగ్గురూ వచ్చారు. ఏడు గంటల బస్సు ప్రయాణంలో అవ్వ పక్క సీట్ల వాళ్ళందరికీ తన బీపీ నంబరు చెప్పింది. హాస్టలు గేటు దగ్గర అమ్మ ఏడ్చింది. నాయిన ఏడవలేదు గానీ, వాచ్‌మన్‌కు బీపీ చూసి వెళ్ళాడు.

మొదటి ఏడాది మాకు బతికున్న మనుషుల దగ్గర పని లేదు. ఎముకలు, కండరాలు, ఫార్మాలిన్ వాసన. ఒక రోజు మధ్యాహ్నం క్లాసుల మధ్యలో నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఒక డౌటుంది. యాభై ఏండ్ల మనిషి. ఎడమ చెయ్యి గుంజుతాంది అంటడు. చెమటలు పోస్తున్నయి. ఇదివరకైతే గ్యాస్ అని సూదిమందు ఇద్దును. నువ్వేమంటవ్?"

నేను వరండాలోనే అరిచాను. "నాయినా, నాకింకా ఎముకల పేర్లే వచ్చు. సూది గీది వద్దు. జల్దీ పెద్దాస్పత్రికి పంపు!"

"పంపిన బిడ్డా. ఆటోల ఎక్కిచ్చి, కుర్మయ్యను తోడిచ్చి గంటైంది," అన్నాడు నాయిన. "పంపినంకనే అడుగుతున్న. మంచిగనే జేసిన్నా, లేదా?"